పన్నెండో మనిషి చెయ్యి

పార్టీ ఆఫీసులో అరవై ఏళ్లుగా వేలాడుతున్న ఆ ఫోటోలో మనుషులు పదకొండు మందే. ఒకరి భుజం మీద మాత్రం పన్నెండో మనిషి చెయ్యి ఉంది. ఆ మనిషి నిలబడాల్సిన చోట మడతల తెర ఉంది. పార్టీ గెంటేసిన వాళ్లను ఫోటోల్లోంచి చెరిపెయ్యడమే ఒకప్పుడు తాతయ్య ఉద్యోగం. చెయ్యి చెరపడం మరిచిపోయాడని ఆఫీసులో ఇప్పటికీ నవ్వుకుంటారు.

మనవరాలు ఇప్పుడా ఫోటోనే గోడంత కాన్వాసు మీద వేస్తోంది. మూడు రోజుల్లో ప్రదర్శన. చెరిగిన మనిషికి ముఖం తిరిగి ఇవ్వాలని ఆమె పంతం. అది లేకపోతే బొమ్మంతా దండగే. ఆ ముఖం తెలిసినవాడు ఇక తాతయ్య ఒక్కడే. ఆయన నోట్లో నువ్వుగింజ నానదని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఈ ఒక్క విషయం దగ్గర మాత్రం పెదవి విప్పడు.

చివరికి ఆమె ఊహించి ఏదో ముఖం వేసింది. తెల్లారేసరికి ముఖం లేదు, దాని చోట తడి ఆరని తెర. మర్నాడూ అంతే. చొక్కా గుండీ పెట్టుకోలేని చేతులు తాతయ్యవి. ఆ మడతల్లో ఒక్క గీతా వణకలేదు.

తాతయ్య ఎప్పటిలాగే ఎడమ భుజం వాల్చి కూర్చుని టీ తాగుతున్నాడు. గోళ్లలో బూడిదరంగు.

"నువ్వేనా తాతయ్యా?"

"తెర వెయ్యమన్నారుగా."

"ఇప్పుడెవరూ అనలేదు. పోనీ, వేసేవాడివి ఆ చెయ్యి ఎందుకు వదిలేశావు? అప్పుడూ మర్చిపోయావు, ఇప్పుడూ మర్చిపోయావు."

"తాతకు దగ్గులు నేర్పకు. మర్చిపోలేదు. ఎన్నిసార్లు చెరిపినా మళ్లీ వస్తుంది."

వేళాకోళం అనుకుందామంటే ఆయన నవ్వడం లేదు. ఆమెను దాటి గోడ వైపు చూస్తున్నాడు. అక్కడ ఆమె ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్న ఫోటో ఉంది. పెళ్లయిన కొత్తలో తాతయ్య, పక్కన నానమ్మ. తాతయ్య ఎడమ భుజం మీది చెయ్యి నానమ్మదేనని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఇప్పుడు దగ్గరికెళ్లి చూసింది. నానమ్మ చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి. వెనకాల తెర, అవే మడతలు.

"ఎవరు తాతయ్యా?"

"మా అన్నయ్య. ఆఫీసు ఫోటోలో చెరిపి ఇంటి ఫోటోలో ఉంచితే నన్నూ గెంటేస్తారని, రెండూ నేనే చెరిపాను."

తాతయ్యకు తోడబుట్టినవాళ్లే లేరని ఇంట్లో చెప్పేవారు. ఆమెకు ఏడుపొచ్చింది. కుంచె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఎలా ఉండేవాడో వెయ్యి. నేనెవరికీ చెప్పను."

ఆయన కాన్వాసు ముందు చాలాసేపు నిలబడి, కుంచె కింద పెట్టేశాడు.

"ముఖం గుర్తు లేదు తల్లీ. చెయ్యి ఒక్కటే తెలుసు." ఎడమ వైపు తల తిప్పకుండానే గొంతు తగ్గించాడు. "నామీద కోపం కదా, నా మాట వినడు. కాస్త చెయ్యి బరువు తగ్గించమని నువ్వైనా అడుగు."