కోడలు పలకని పేరు

అమృతం గారికి రహస్యం చెప్పడమంటే మైకు చేతికివ్వడమేనని కన్నకొడుకే నమ్మేవాడు. పోనీ అందులో అబద్ధముందా అంటే లేదు. నరసాపురంలో మిషన్ వారి ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా చేసి రిటైరైన మనిషి ఆవిడ. అబద్ధమాడిన పిల్లల చేత గోడకుర్చీ వేయించేది. తన కడుపులో ఉన్నది దాచుకోవడం ఆవిడకూ చేతకాదు. నోట్లో నువ్వుగింజ నానదు. సముద్రాలు దాటి కొడుకు దగ్గరికి టూవూంబా వచ్చాక ఆ గుణానికి ఇంకాస్త ఊతం దొరికింది. ప్రతి ఆదివారం ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకుని పెట్టుకునే తెలుగు ప్రార్థనలో లేచి నిలబడి, ఎవరికి జబ్బు చేసిందో, ఎవరికి వీసా ఆగిందో పేరూ ఊరూ చెప్పి మరీ ప్రార్థన చేయమని అడగడం అక్కడి పద్ధతి. ఆ కూడిక ఇంటర్నెట్‌లో లైవ్ వెళుతుంది. ఇక్కడ ఒకరికి షుగర్ పెరిగిన సంగతి ఆ దేశంలోనే ఎక్కడో దూరాన ఉన్న బ్లాక్‌టౌన్ వాళ్ళకూ నరసాపురం వాళ్ళకూ ఒకేసారి తెలిసిపోయేది.

అందుకే కొడుకు నాథన్ ఆ విషయం సగమే చెప్పాడు.

పోయిన వారం డ్యూటీకి వెళుతూ వెళుతూ వంటింటి గుమ్మంలో ఆగి అన్నాడు. "అమ్మా, ఒక్క మాట. ఎవరన్నా అడిగితే నాకు కూతురుందని చెప్పు."

"ఎవరికిరా కూతురు?"

"నాకూ దరీనాకీ. ఐదేళ్ళు. పుట్టిందగ్గర్నుంచీ అక్కడే, వాళ్ళ అమ్మమ్మ దగ్గరే పెరిగిందని చెప్పు. అంతే, ఇంకేం చెప్పొద్దు."

దరీనా ఆవిడ కోడలు. నాథన్ ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివేటప్పుడు, అక్కడ పిల్లల వార్డులో నర్సుగా చేస్తున్న పిల్లని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. మూడేళ్ళ కిందట ఇద్దరూ టూవూంబా వచ్చారు. ఈ జనవరిలో తల్లికి పక్షవాతం వచ్చిందంటే దరీనా తన ఊరు వెళ్ళింది. తల్లి పోయింది. మట్టి చేసి తిరిగి బయలుదేరేలోపు పరాయి సైన్యం ఊళ్ళోకి వచ్చి కూర్చుంది. నది మీద వంతెన దగ్గర కాపలా పెట్టారు. ఇక ఆ ఊరి నుంచి బయటికి దారి లేదు.

ఆ రోజు కొడుకుని గుమ్మం దాటనివ్వకుండా నిలదీసి ఇంకొంచెం రాబట్టింది అమృతం. దిక్కులేని పిల్లలందర్నీ ఆ సైన్యం బస్సుల్లో ఎక్కించి ఎక్కడికో తీసుకుపోతోంది. దరీనా ఒకప్పుడు పనిచేసిన వార్డులోని నర్సులు తలా ఒక పిల్లని తమ బిడ్డేనని చెప్పి ఇళ్ళల్లో దాచారు. అలా దరీనా ఇంటికి చేరింది, తల్లి చనిపోయిన ఒక నల్లకళ్ళ పిల్ల. నల్లజుట్టు, చామనఛాయ. ఇండియావాడి కూతురంటే నమ్మేలా ఉంది.

"పిల్ల పేరేంట్రా?"

"పేరు నీకొద్దమ్మా. నీకు తెలిస్తే సండేకి ప్రేయర్ రిక్వెస్ట్ అయిపోద్ది. అది లైవ్ వెళ్ళిద్ది. అక్కడోళ్ళ కంటబడిందంటే ఇద్దర్నీ బతకనివ్వరు. ప్లీజ్."

అమృతం గారి మనసు చివుక్కుమంది. ఐనా ఆ ఆదివారం స్కూలు హాల్లో పెదాలు బిగించుకుని కూర్చుంది. ఎవరో "మీ కోడలు క్షేమమేనా ఆంటీ?" అంటే "దేవుని కృప" అని ఊరుకుంది. జీవితంలో అంత క్లుప్తంగా ఆవిడెప్పుడూ మాట్లాడలేదు.

ఆవిడకూ కోడలికీ మధ్య ఇంకో సంగతి ఉంది. అది కూడా చెప్పాలి, చెప్పకపోతే కథ కాదు. దరీనాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. అత్తగారి దగ్గరే పట్టుబట్టి తెలుగు నేర్చుకుంది ఆ పిల్ల, "అత్తయ్యా, ఇది బెండకాయా, బీరకాయా?" అనుకుంటూ. ఎంత నేర్చుకుందో అత్తగారు కనిపెట్టలేదు. ఒకరోజు నరసాపురంలో ఉన్న చెల్లెలితో ఫోన్లో, "కడుపు పండని దాన్ని కట్టుకున్నాడే నా కొడుకు" అనేసింది. దరీనా పక్కనే గిన్నెలు తుడుస్తోంది. తుడుస్తున్న గిన్నెను కింద పెట్టి, ఇంకొకటి తీసుకుని తుడిచింది. క్షమించమని అడగడానికి అమృతానికి పెద్దరికం అడ్డొచ్చింది. తర్వాత అడుగుదాంలే అనుకుంది. ఈలోగా కోడలు విమానమెక్కింది.

గురువారం మధ్యాహ్నం. అక్కడ జూలై అంటే చలికాలం. పడమటి గాలి కిటికీ సందుల్లోంచి కోస్తోంది. కాళ్ళ దగ్గర హీటర్ పెట్టుకుని అమృతం కునికిపాట్లు పడుతోంది. ఫోన్ మోగింది. వీడియో కాల్. దరీనా.

దరీనా ఎప్పుడూ నాథన్‌కే చేసేది. వాడు ఆపరేషన్ థియేటర్‌లో ఉంటే ఫోన్ ఎత్తడు. ఆ సంగతి అమృతానికి తట్టేలోపే తెరమీద కోడలి ముఖం వచ్చింది. చిక్కి సగమైంది. కిటికీకి దుప్పటి కొట్టి ఉన్న వంటిల్లు. ఆమె నడుము పట్టుకుని ఒక పిల్ల. ఆ వెనక ఆకుపచ్చ చొక్కాల వాళ్ళు, ఇద్దరో ముగ్గురో.

"అత్తయ్యా, బాగున్నారా?" అంది దరీనా.

ఎవరిదో చెయ్యి ఆమె భుజం మీద పడింది. ఆమె నోరు మూసుకుంది. ఇంకో ఫోను తెర దగ్గరికి వచ్చింది. అందులోంచి తెలుగు వినిపించింది. రేడియోలో వార్తలు చదువుతున్నట్టు, ఎత్తుపల్లాలు లేని ఆడగొంతు.

"ఇప్పుడు మీరు మాత్రమే మాట్లాడాలి. ఈ స్త్రీ మాట్లాడకూడదు. మీ ప్రతి మాట అనువదించబడుతుంది."

తెలుగు ఎవరికీ రాదు కదా, నాలుగు ముక్కలు చాటుగా చెప్పుకోవచ్చన్న అమృతం ఆశ కూడా ఆ అనువాద యంత్రంతో పోయింది.

అధికారి ముఖం కనబడింది. నలభై ఏళ్ళుంటాయేమో, శుభ్రంగా గీసుకున్న గడ్డం. అరవడం లేదు, బెదిరించడం లేదు. మర్యాదగా ఏదో అడిగాడు.

"ఈ బాలిక ఎవరు?" అంది యంత్రం.

"నా మనవరాలు."

"తండ్రి ఎక్కడ?"

"ఆస్పత్రిలో ఉన్నాడు. డాక్టరు. ఆపరేషన్లో ఉంటే ఫోనెత్తడు."

"మీ ఇంటి గోడలపై ఉన్న చిత్రాలను చూపించండి."

ఆవిడ లేచింది. ఫోన్ గోడ వైపు తిప్పింది. పోయిన భర్త ఎలియాజర్ ఫోటో. నాథన్ పట్టా పుచ్చుకుంటున్న ఫోటో. పెళ్ళి ఫోటో, అందులో తెల్లగౌనులో దరీనా. గోడ అయిపోయింది.

"బాలిక చిత్రం లేదు," అంది యంత్రం.

అప్పుడు అమృతానికి ఎక్కడినుంచి వచ్చిందో కోపం వచ్చింది. నటన కాదది. ఈ ఇంట్లో ఒక పసిపిల్ల తిరగాలని, గోడమీద ఒక్క ఫోటో ఉండాలని, ఇన్నేళ్ళూ లోపల దాచుకున్న కడుపుమంట.

"ఎక్కణ్ణుంచొత్తది ఫోటో? పుట్టిందగ్గర్నుంచీ వాళ్ళమ్మ దగ్గరే అట్టిపెట్టుకుంది. నాకొక్కసారి చేతికిచ్చిందా? ఒక్క పూట నా పక్కలో పడుకోబెట్టిందా? నాయనమ్మంటే ఎవరో ఆ పిల్లకి తెల్దు. నన్నడుగుతారేంటి, దాన్నడగండి."

యంత్రం తాపీగా అదంతా వాళ్ళ భాషలోకి మార్చి చెప్పింది. అధికారి విన్నాడు. తల ఊపాడు. మళ్ళీ అడిగాడు.

"బాలిక పేరు చెప్పండి."

తెరమీద దరీనా కళ్ళు మూసుకుంది. అత్తగారికి పేరు తెలియదని ఆమెకూ తెలుసు. చెప్పొద్దని అనుకున్నది తనూ నాథనే.

ఏ పేరు చెప్పాలి? ఆ దేశపు పేర్లు ఆవిడకు నాలుగైదు కూడా రావు. ఒకటి అంటే, అది కాకపోతే, పిల్ల బస్సెక్కుతుంది. కోడలు ఏమవుతుందో ఊహించడానికి కూడా ఆవిడకు ధైర్యం చాలలేదు. "ప్రభువా" అనుకుంది. అబద్ధానికి సాయం చెయ్యమని దేవుణ్ణి ఎలా అడుగుతారు?

అప్పుడు తన అత్తగారు గుర్తొచ్చింది. రాహేలమ్మ. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆవిడ పోయేదాకా అమృతం నోటివెంట ఆ పేరు రాలేదు. తోడికోడలు తన కూతురికి అత్తగారి పేరే పెట్టి, ఆ పేరుతో పిలవలేక పాపాయి, పాపాయి అని పెంచింది. బళ్ళో హాజరు పిలిస్తే ఆ పిల్ల పలికేది కాదు, అది తన పేరని తెలిస్తేగా.

"పేరా?" అంది అమృతం. గొంతు గట్టిగా వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయింది. "అద్గదీ, ఆ పేరు సంగతే అడగాల మీరు. దానికి నా పేరే పెట్టారు. అమృతం. మా ఇళ్ళల్లో అత్త పేరు కోడలు నోటితో అనదు. కన్నబిడ్డకి పెట్టుకున్నా సరే, ఆ పేరెట్టి పిలవదు. అదే సందనుకుని ఈవిడగారు వాళ్ళ భాషలో ఏదో పేరెట్టుకుని పిలుచుకుంటంది. నా పేరు పక్కన పడేసి పెట్టుకున్న పేరు నేనెందుకంటాను? చచ్చినా అనను."

యంత్రం చాలాసేపు చెప్పింది. అధికారి కనుబొమలు ముడిపడ్డాయి. దరీనా వైపు తిరిగి ఒక్క మాట అడిగాడు. ఈసారి యంత్రం దాన్ని కూడా తెలుగులోకి తెచ్చింది.

"నీ భర్త తల్లి పేరు చెప్పు."

దరీనా కళ్ళు తెరిచింది. తెరలోంచి అత్తగారిని సూటిగా చూసింది. దరీనా ఇక్కడుండగా తోటి నర్సులందరికీ "మా అత్తగారు, అమృతం" అని గర్వంగా చెప్పుకునేది. ఆ పద్ధతులన్నీ ఆమెకెవరు నేర్పారు గనక? ఇప్పుడు ఆమె తల అడ్డంగా ఊపింది. చెప్పనంది. అధికారి మళ్ళీ అడిగాడు, కాస్త గట్టిగా. భుజం మీద చెయ్యి బిగిసింది. నొప్పికి ఆమె ముఖం ముడుచుకోవడం అమృతం చూసింది. చెప్పెయ్యవే తల్లీ అని అరవబోయి నాలుక కరుచుకుంది.

దరీనా బల్లమీదున్న పెన్సిలు తీసుకుంది. దుప్పటి పక్కన సున్నం గోడమీద, తన భాషలో, ఒక్కొక్క అక్షరమే రాసింది. రాసి, పెన్సిలు కింద పెట్టి, చేత్తో నోరు మూసుకుంది. అధికారి గోడ దగ్గరికి వెళ్ళి పైకి చదివాడు. "అ-మ్రు-తం."

తర్వాత పిల్లని అడిగాడు. అది భయంతో ఏదో గొణిగింది. ఏ పేరు చెప్పినా ఇప్పుడు చెల్లుతుంది.

ఇక్కడితో ఆగితే అనుమానమొస్తుందని అమృతానికి అనిపించింది. ఆగకుండా తిట్టింది. "ఆ జుట్టు చూడు, దువ్వెన పెట్టి ఎన్నాళ్ళయింది. ఆ కోటుకి బొత్తాలేయి? పిల్లని పెంచడమంటే ఇదేనా? నాకిత్తే నేను పెంచనా?" తిడుతోంది, కన్నీళ్ళు కారిపోతున్నాయి. దరీనా తల వంచుకుని వింటోంది.

అధికారి తనవాళ్ళతో ఏదో అన్నాడు. వాళ్ళు నవ్వారు. యంత్రం దాన్నీ వదలలేదు. "నా భార్య యొక్క తల్లి కూడా ఇటువంటిదే."

అమృతం ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి వదలకముందే అదే గొంతు, అదే వార్తలు చదివే గొంతు మళ్ళీ పలికింది.

"బాలిక ఇక్కడ ఉండవచ్చు. తల్లి మాతో వస్తుంది. మిగిలిన బాలలు ఏ ఇళ్ళలో ఉన్నారో ఆమెకు తెలుసు."

"ఎక్కడికి?" అంది అమృతం. "బాబూ, ఎక్కడికి తీసుకెళ్తన్నారు?"

తెర నల్లబడింది.

నాథన్ ఇంటికి వచ్చేసరికి ఆవిడ ఫోన్ రెండు చేతుల్లో పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. హీటర్ ఆపలేదు, దీపం వెయ్యలేదు. జరిగింది చెప్పింది. మొదటిసారి ఒక్క మాట ఎక్కువ లేకుండా చెప్పింది. నాథన్ గోడకు జారగిలబడి నేలమీద కూలబడ్డాడు. "పేరు చెప్పాల్సిందమ్మా నీకు. నేను చెప్పాల్సింది," అన్నాడు.

వాళ్ళు భోంచెయ్యలేదు. కొంతసేపటికి ఫోన్ మోగింది, మళ్ళీ వీడియో కాల్, తెలియని నంబరు. దరీనా ఎదురింట్లో ఉండే ముసలావిడ. ఒళ్ళో ఆ పిల్ల. నాథన్‌కు ఆ భాష వచ్చు. ఆవిడ చెబుతుంటే వింటూ, మధ్యమధ్య తల్లికి చెప్పాడు.

"మెట్లమీంచి దింపి తీసుకెళ్ళారంట. పిల్లని ఈవిడకి అప్పగించి, నీ నంబరు చెప్పిందంట. దరీనా వాళ్ళకేమీ చెప్పదంటంది ఈవిడ. చెప్పేదైతే ఈ పాటికి మిగతా ఇళ్ళకి కూడా వచ్చుండేవాళ్ళంట."

"నాకేవన్నా చెప్పమందా?"

నాథన్ అడిగాడు. ముసలావిడ చెప్పింది.

"అత్తయ్య తిడతన్నంతసేపూ మనింట్లో ఉన్నట్టే ఉంది, భయం వెయ్యలేదు అని చెప్పమందంట."

అమృతం కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పాత మాటకు క్షమించమని అడగలేదు. తిట్టి పంపింది. ఇవాళైనా తిట్ల మధ్యలో ఒక్క మంచి మాట, ఒక్కటి, అనడానికి వీల్లేకపోయింది.

పిల్ల తెర దగ్గరికి ముఖం పెట్టింది. మధ్యాహ్నం తిట్టిన మనిషిని గుర్తుపట్టింది కాబోలు, భయంభయంగా చూసింది. ఏదో అడిగింది. నాథన్ అటు తిరిగిపోయాడు.

"ఏమంటంది?"

"అమ్మ ఎప్పుడొస్తదని."

కన్నతల్లి వార్డులో పోయింది. ఈ పిల్ల అమ్మ అంటున్నది దరీనాను. అమృతం ఆ ముఖం వైపే చూసింది.

"రేపొస్తదని చెప్పు."

"అమ్మా, మనకి తెలీదమ్మా. ఎలా చెప్పను?"

"చెప్పరా. నాయనమ్మ చెప్పిందని చెప్పు. రేపు తప్పకుండా వస్తదని చెప్పు."

నాథన్ చెప్పాడు. పిల్ల తెరలోంచి అమృతం వైపు, ఆవిడ కళ్ళల్లోకి చూసింది. అమృతం కళ్ళు దించుకోకుండా, నవ్వు ముఖం పెట్టి, అవునని తల ఊపింది. పిల్ల నమ్మింది. ముసలావిడ భుజం మీద తల వాల్చింది. రేపు మళ్ళీ అడుగుతుంది. రేపు కూడా ఆవిడ ఇలాగే నవ్వుతూ తల ఊపాలి.