వెనక వరస చివర కుర్చీ

ఆ ప్రార్థన మందిరంలో వెనక వరస చివర, కిటికీ పక్కన, ఒక చెక్క కుర్చీ ఉంది. మిగతావన్నీ ప్లాస్టిక్‌వి. పని అయ్యాక ఒకదానిలో ఒకటి దూర్చి మూలకు నెట్టేస్తారు. ఈ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ కదపరు. కష్టం వచ్చినవాళ్లు ఆ వారం వచ్చి అందులో కూర్చుంటారు. నోరు తెరవక్కర్లేదు, చెయ్యి చాపక్కర్లేదు. ప్రార్థన అయ్యాక ఎవరో ఒకరు లేచి వెళ్లి, పక్కన ఇంకో కుర్చీ లాక్కుని, "ఏం కావాలి?" అని మెల్లగా అడుగుతారు. తమవాళ్లెవరికీ అడుక్కునే అవస్థ రాకూడదని, మందిరం కట్టినవాళ్లు పెట్టిన పద్ధతి అది. మంచి పద్ధతే. కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

కాకపోతే ఆ "ఎవరో ఒకరు" ఏళ్ల తరబడి ఇస్త్రీ అక్కే. లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది కాబట్టి ఆ పేరు. తనకన్నా పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలుస్తారు. బాలింతలకు తోడు పడుకుంది, ఆసుపత్రి వరండాల్లో పడిగాపులు కాసింది, మాటల్లేని అన్నదమ్ముల మధ్య తిరిగి తిరిగి చెప్పులరగదీసింది. మిగతావాళ్లకు మనసు లేక కాదు. వాళ్లు లేద్దామనుకునేలోపు ఆవిడ లేచిపోయేది. పోనుపోను లేవడమే మానేశారు. ఆవిడ కూడా తక్కువదేం కాదు, ఆ కుర్చీ తన సొంతమన్నట్టు ఖాళీగా ఉన్నప్పుడు అందులోనే కూర్చుని, ఎవరైనా రాగానే లేచి చోటిచ్చేది.

ఆవిడ భర్త బస్సు కండక్టరుగా చేశాడు. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట ముద్దయింది. ఆవిడ కిటికీ ఊచకు ఒక ఇత్తడి గంట కట్టి, తాడు ఆయన ఎడమచేతికి అందేలా వేలాడదీసింది. ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. అది ఆయన ఉద్యోగం నేర్పిన భాష. అన్నం తినిపిస్తూంటే, చాలనిపిస్తే ఒకటి, ఇంకా కావాలంటే రెండు.

"ఇంట్లో కూడా డ్యూటీయేనా?" అని ఆవిడ వేళాకోళం చేస్తే, కదిలే సగం మొహంతోనే నవ్వేవాడు.

చిక్కల్లా మధ్యాహ్నాలతోనే. లాండ్రీలో పని మధ్యాహ్నం మొదలైతే దీపాలు పెట్టేదాకా సాగుతుంది. మానేస్తే ఇల్లు గడవదు. పిల్లల్లేరు. ఆయనకేమో ఒంటరిగా ఉండాలంటే ప్రాణం మీదికొచ్చేది. జీవితమంతా జనం ఒరుసుకుంటూంటే మధ్యలో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి కదా. ఆవిడ చెప్పులు వేసుకోవడం చూడగానే ఒక్కసారి తాడు లాగేవాడు. ఆపు. ఆవిడ వినపడనట్టు తలుపు దగ్గరకు వేసి వెళ్లిపోయేది. ఆ తరవాత ఎవరి చొక్కా మడత పెడుతున్నా ఆవిడ చెవిలో ఆ గంటే.

"మందులొద్దు," అన్నాడు ఒక పొద్దున, మాట కూడదీసుకుని. "మనిషి."

ఆ వారం ఆవిడ వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ కూర్చునే కుర్చీయే, అయినా ఆ రోజు కొత్తగా వచ్చినదానిలా అంచునే కూర్చుంది. ప్రార్థన అయింది. కుర్చీలు దూర్చే చప్పుడు మొదలైంది. ఒకావిడ వెళ్తూ వెళ్తూ భుజం తట్టి, "ఇవాళ ఎవరూ రాలేదా అక్కా? పోన్లే, అందరూ చల్లగా ఉన్నట్టే," అంది. ప్రార్థన నడిపించే పెద్దాయన దగ్గరికొచ్చి, "మీరు అక్కడ కనపడితే నాకు సగం బరువు దిగినట్టుంటుందమ్మా," అని దండం పెట్టాడు. ఆవిడా దండం పెట్టింది.

మరుసటి వారమూ కూర్చుంది. ఆ పై వారమూ కూర్చుంది. ఆయనకు బాగాలేదని అందరికీ తెలుసు. ఎలా ఉన్నారని అడిగేవారు, అలాగే ఉన్నారనేది. అందర్నీ చూసుకున్న మనిషి, తన మొగుణ్ణి చూసుకోలేదా అనుకున్నారు.

నోరు తెరిచి ఒక్కమాట చెబితే పోయేదిగా అంటారు మీరు. నిజమే. కానీ "ఇక్కడ ఎవరూ అడగక్కర్లేదు" అని ఆ కుర్చీలో కూర్చున్న ఎందరి చెవిలోనో తనే చెప్పింది. ఆ మాట తన దగ్గరికొచ్చేసరికి అబద్ధమైపోతే ఎలా? పంతమే అది. ఆవిడ మాత్రం నమ్మకం అనుకుంది.

ఆ తరవాతి వారం పక్కన కుర్చీ లాగిన చప్పుడైంది. ఆవిడ తలెత్తింది. చూస్తే బేకరీ నడిపే ఆవిడ, వయసులో చిన్నది, కళ్లకింద నల్లగా చారలు. వచ్చారు, చివరికి ఒకరొచ్చారు అనుకుంది ఇస్త్రీ అక్క. ఏం చెప్పాలో మాటలు పేర్చుకుంటోంది.

"మీరున్నారు కాబట్టి సరిపోయిందక్కా," అంది బేకరీ ఆవిడ. "మా అత్తగారు జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. రేపు మధ్యాహ్నం మా ఆయనా నేనూ ఇద్దరం బేకరీలో ఉండాలి, పెద్ద ఆర్డరుంది. దగ్గర కూర్చోడానికి మనిషి లేరు."

"నాకూ..." అంది ఇస్త్రీ అక్క.

"మీకూ రేపే తీరికని తెలుసక్కా. లాండ్రీకి సెలవు కదా, అందుకే ధైర్యం చేసి అడుగుతున్నా." అంతలోనే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"వస్తాలేమ్మా. ఏడవకు," అంది ఇస్త్రీ అక్క. ఆ చోట కూర్చుంటే ఆవిడ నోటికి వేరే మాట రాదు.

లాండ్రీ సెలవురోజు ఆయనది. ఆ రోజు ఆవిడ మంచాన్ని తలుపు దాకా ఈడ్చేది. వీధి మలుపులో తిరిగే బస్సులను చూస్తూ, ఏది ఆలస్యమో ఆయన లెక్క తేల్చేవాడు. ఈసారి పొద్దున్నే విషయం చెప్పి, తల వంచుకుని నిలబడింది. ఒక్క గంట కొడితే మానేద్దామనుకుంది. నిజంగానే మానేసేది.

ఆయన తలుపు వైపు ఒకసారి చూశాడు. తరవాత తాడు రెండుసార్లు లాగాడు. పోనీ.

బేకరీ వాళ్లింట్లో ముసలావిడకు నీళ్లు తాగించింది, నడుం కింద దిండు సర్దింది. నిద్రపట్టేదాకా చెయ్యి వదలొద్దంది ముసలావిడ. వదల్లేదు. కాస్త చెయ్యి లాక్కోబోతే ఉలిక్కిపడి లేచేది. అలా పొద్దువాలేదాకా అక్కడే ఉండిపోయింది.

ఇంటికొచ్చేసరికి ఆయన మంచం అంచున పక్కకు ఒరిగి ఉన్నాడు. తాడు పిడికిట్లో ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది.

గోడవతలి ఇల్లాలు పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "గంట మోగుతూనే ఉంది వదినా. మీ సెలవురోజు కదా, మీరున్నారనే అనుకున్నాం."

"ఎన్ని కొట్టారు?"

"అదేం చూడలేదు వదినా. ఒక్కొక్కటే... ఆగి, ఆగి."

ఇస్త్రీ అక్క పిడికిలి విప్పి తాడు తీసింది. ఆ తరవాతే ఆవిడ ఏడుపు వీధిలోకి వినపడింది.

మందిరం వాళ్లు వచ్చారు. ఆ మాట చెప్పుకోవాలి, ఒక్కరు మిగలకుండా వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు బండి మీద వేసుకొచ్చారు. ఒకరు వంట చూశారు, ఒకరు నీళ్లు మోశారు. కాటిదాకా మోయడానికి పోటీపడ్డారు. ఒక్క మనిషి కావాలని ఆయన అడిగిన ఇంట్లో ఆ రోజు నిలబడ్డానికి చోటు లేదు.

పెద్దాయన ఆవిడ ఎదురుగా కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. "ఇంత అవస్థ పడుతున్నారని తెలీదమ్మా. ఒక్కమాట చెప్పలేకపోయారా?"

"కుర్చీలో కూర్చున్నానండీ," అంది.

"మీరెప్పుడూ కూర్చునేదేగా..." అని మొదలుపెట్టి, ఆ మాట పూర్తి చెయ్యలేకపోయాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ బేకరీ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

కొన్ని వారాల తరవాత ఇస్త్రీ అక్క మందిరానికి వెళ్లింది. వెనక్కి వెళ్లకుండా ముందు వరసలో కూర్చుంది. ప్రార్థన అవుతుండగా తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరగడం, అక్కడి నుంచి ఆవిడ వైపు తిరగడం గమనించింది. ఎవరో వచ్చి చెక్క కుర్చీలో కూర్చున్నారన్నమాట. మోకాళ్లు వాటంతటవే లేవబోయాయి. రెండు చేతులతో వాటిని అదిమి పట్టుకుంది.

ప్రార్థన అయిపోయింది. ఎవరూ కదల్లేదు. తను లేవకపోతే ఆ కూర్చున్న మనిషి ఇంటికి ఉత్త చేతులతో పోవాల్సి వస్తుందేమోనని ఆవిడకు భయమేసింది. అయినా లేవలేదు.

చివరికి, వెనక ఎక్కడో, నేలమీద కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. "ఏం కావాలి?" అని ఎవరిదో గొంతు, అలవాటు లేక తడబడుతూ అడిగింది.

ఇస్త్రీ అక్క వెనక్కి తిరిగి చూడలేదు. ఆ చప్పుడు కోసం తను ఎన్ని వారాలు చెవులు రిక్కించిందో గుర్తొచ్చి, అందరి మధ్యా, మొహం దాచుకోకుండా ఏడ్చింది.