మిరియపు గింజంత

కాశీలో లైసెన్సున్న భంగు కొట్టు నాది. పడవ నడిపే బైజూ సాయంత్రం స్నానం కాగానే వచ్చి నా దగ్గర ఒక ఉండ మింగేవాడు. వెనకే అతని భార్య ఫుల్వంతి వదిన వచ్చి, "నీ కొట్టు గంగలో కలవ!" అని నన్ను తిట్టి, మొగుణ్ణి రెక్క పట్టుకుని లాక్కెళ్లేది.

బైజూ పోయాక ఒకరోజు ఆమె ఒక్కతే వచ్చింది.

"నిద్ర పట్టట్లేదు. నాకూ ఒక ఉండ ఇయ్యి."

నాకు ఒళ్లు మండింది. "ఇన్నేళ్లూ విషమన్నావు కదా వదినా, ఇప్పుడు అమృతమైపోయిందా?"

ఆమె చెయ్యి చాపింది. నూరిన ముద్దలోంచి మిరియపు గింజంత గిల్లి ఉండ చుట్టాను.

"కొత్తవాళ్లకు ఇంతే. అన్నం తిన్నాకే మింగు. ఏమీ తెలియట్లేదని ఇంకోటి మింగావో, చచ్చావే! రెండు గంటలదాకా ఓపిక పట్టు. ఇది నెమ్మదిగా ఎక్కుతుంది, ఎక్కాక ఓ పట్టాన దిగదు."

"సరే."

"అన్నిటికంటే ముఖ్యం, మొదటిసారి ఒంటరిగా ఉండకూడదు. పక్కన మనిషి ఉండాలి."

ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆయన మింగిన ప్రతి రోజూ పక్కన నేనున్నాను మరిదీ, నిద్రపోయేదాకా తిడుతూ. నా పక్కన కూర్చుని తిట్టేదెవరు?"

ఉండను మళ్లీ ముద్దలో కలిపేశాను. అరుగు మీద పీట వేసి, "కూర్చో, నేను తిడతాను" అన్నాను.

ఒక్క తిట్టూ నోటికి రాలేదు.