వల గట్టుకొచ్చేదాకా పాడే పాట

ఆకివీడు చెరువుల్లో మాకు చేపలు పట్టిపెట్టే జట్టుకు దేశం మీద ఒక పాట ఉంది. జట్టు పెద్ద ఏలీయా ఒక ఊరి పేరు పాడితే, మిగతావాళ్లు "మన దేశమే" అంటూ వల లాగుతారు. ఆగస్టు పదిహేనున హైస్కూల్లో ఆ పాట పాడమన్నారు. నవ్వులపాలవుతానేమోనని ఏలీయా భయం. ముందురోజు, నేను చేపలు లారీలకెత్తించే షెడ్డులో పాడి చూశాడు. పాట ఎంతకీ ఆగలేదు.

"ఎప్పుడాపుతావయ్యా?" అన్నాను.

"వల గట్టుకొస్తే ఆపుతామండీ. బరువుంటే ఇంకో నాలుగు ఊళ్లు పాడతాం. వల లేకుండా ఉత్తచేతులకేం తెలుస్తుందండీ, ఎక్కడాపాలో?"

"హెడ్మాస్టరుగారు మైకు లాక్కుంటే ఆగుద్దిలెండి," అంది అతని భార్య పుష్పమ్మ.

"ఇంతకీ హౌరా, సిలిగురి, గువాహటి... ఈ ఊళ్లన్నీ ఎవరు నేర్పారు?"

"మీ లారీలేనండీ. సరుకు కొత్త ఊరికెళ్తే డ్రైవర్నడిగి కలుపుకుంటాం."

ఇన్నేళ్లూ అవి నాకు మార్కెట్లు మాత్రమే.

మర్నాడు వేదిక మీదికి వల లాగే లావుపాటి మోకుతాడు తెప్పించి, ఒక కొస ఏలీయా జట్టుకిచ్చాను, రెండోది కింద జనానికిచ్చాను. జనం గట్టిగా పట్టారు. పాట గువాహటి దాటింది, మోకు రాలేదు. ఏలీయా దగ్గర ఊళ్లు అయిపోయాయి. చెమటలు పట్టి నా వైపు చూశాడు. నా లారీలు పోయిన ఊళ్లూ అక్కడితో సరి, నాకూ ఇంకో పేరు తెలీదు.

అప్పుడు కింద జనంలో మోకు పట్టుకున్న మా ఊరి గంగాభవానిగారు కేకేశారు. "మన ఆకివీడేం పాపం చేసిందయ్యా?"

ఏలీయా గొంతెత్తి ఆకివీడు పాడాడు. జనం నవ్వేసరికి పట్టు సడలి, మోకంతా వేదిక మీదికి వచ్చేసింది.