ఇద్దరు ప్రసన్నల కంచాలు

ఏప్రిల్ నెలలో సర్వేశ్వరరావు స్టీలు కొట్టులో పేర్లు కొట్టే మిషను రోజంతా గీపెడుతోందంటే, ఊరి బడిలో ఎనిమిదో తరగతి అయిపోవచ్చిందని అర్థం. సర్వేశ్వరరావు మైదానం నుంచి కొండల్లోని పెదబయలు వచ్చి కొట్టు పెట్టి ఇరవయ్యేళ్లు దాటింది. బిందెల మీదా క్యారేజీల మీదా పేర్లు కొట్టడం అతనికి మామూలు పనే. బడి కంచాలు వచ్చినప్పుడు మాత్రం కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని కూర్చునేవాడు.

ఆ బడిలో చదువు ఎనిమిదితో ఆఖరు. తొమ్మిదికి ఘాట్ రోడ్డు దిగి, రెండు బస్సులు మారి, మైదానంలో ఉన్న హైస్కూలుకి పోవాలి. పోయేముందు పిల్లలందరికీ బహుమతులివ్వడం అక్కడి ఆనవాయితీ. ఫస్టూ సెకండూ అని కాదు. ఒక్కొక్కరిలో ఏదో ఒకటి వెతికి పట్టుకుని దానికే ఇచ్చేవారు. సెలవుల్లో కూడా వచ్చి బొప్పాయి మొక్కలకి నీళ్లు పోసినందుకు ఒకరికి, వంటగదిలో పాము దూరిన రోజు చిన్నపిల్లల్ని వరసలో బయటికి తెచ్చినందుకు ఇంకొకరికి. బహుమతి మాత్రం అందరికీ ఒకటే, పేరు కొట్టించిన స్టీలు కంచం. పేరు పిలిచాక స్టేజీ ఎక్కి, ఆ కంచంలో పెట్టిన పాయసం అందరి ముందూ తిని, తుడిచి ఇంట్లోవాళ్ల చేతికివ్వాలి. జూన్‌లో పిల్లలు హైస్కూలుకి పోతారు. కంచాలు ఇళ్లలో గోడలకి ఉండిపోతాయి.

ఆ తర్వాత అక్కడ పిల్ల అన్నం తిన్నప్పుడల్లా ఇక్కడ కంచం వెచ్చబడుతుంది.

ఏ ఇంట్లోనైనా మడతమంచం మీద కూర్చున్న తాత కూడా చెయ్యి చాపి కంచం తాకి, "గుంటడు టిఫిన్ సేసినాడు" అని మళ్లీ చుట్ట అందుకునేవాడు. ఉదయ్ అనే కుర్రాడు పోలీసు ట్రైనింగుకి పోయాక అతని కంచం పొద్దస్తమానం కాలిపోతుంటే, వాళ్లమ్మ దాని మీద గోనె పరిచి కోడిపిల్లల్ని పడుకోబెట్టుకుంది.

ఆ ఏడాది ఎనిమిదో తరగతిలో ఇద్దరు కిల్లో ప్రసన్నలున్నారు. ఇద్దరూ ఒకే వానాకాలంలో, ప్రసన్న అనే నర్సమ్మ చేతుల్లో పుట్టారు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. బడిలో పొడుగ్గా ఉన్నమ్మాయిని పెద్ద ప్రసన్న అనీ, పొట్టిగా ఉన్నమ్మాయిని చిన్న ప్రసన్న అనీ పిలిచేవారు. సర్వేశ్వరరావుకి ఆ సంగతి తెలియదు. కాగితంలో ఉన్నట్టే రెండు కంచాల మీదా 'కిల్లో ప్రసన్న' అని కొట్టిచ్చాడు.

పెద్ద ప్రసన్న తండ్రి బుధు. అతనికి ఎకరం కాఫీ తోట ఉంది. కాఫీ పళ్ల బస్తాలో ఒక్క పచ్చికాయ కలిసిందన్న అనుమానం వస్తే, కట్టిన బస్తా విప్పి వెతికే మనిషి. "ఉన్నది ఉన్నట్టు సెప్పకపోతే నీకు అన్నం అరగదు" అనేది భార్య రత్న. చిన్న ప్రసన్నకి తల్లీ తండ్రీ లేరు. పక్క గూడెంలో మామ్మ చిట్టెమ్మ దగ్గర పెరిగింది.

బహుమతుల రోజున కొండలన్నీ కాఫీ పూత వాసనేస్తున్నాయి. హెడ్మాస్టరు రవిబాబు మైకు పుచ్చుకున్నాడు.

"కిల్లో ప్రసన్న, పెద్దమ్మాయి! మూడేళ్లలో ఒక్కరోజు కూడా బడి మానలేదు!"

పెద్ద ప్రసన్న ఎక్కింది. పాయసం తింది. తుడిచి కంచం తండ్రి చేతికిచ్చింది. బుధు కంచం పట్టుకున్నాడు గానీ స్టేజీ దిగలేదు.

"సారూ, ఒక్కరోజు మానిందండి."

మైకు దగ్గరే ఉండడంతో ఆ మాట గూడెం దాకా వినపడింది. పెద్ద ప్రసన్న రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఏమిటయ్యా బుధూ, ఇప్పుడా చెప్పడం?"

"మిరియాలు కోసిన రోజండి. నేనే ఉంచీసినాను. అట్టెండెన్సు బుక్కు సూడండి."

"దిగిపోరా బాబూ, పాయసం సల్లారిపోతంది!" అని కింద నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

రవిబాబు కంచం వెనక్కి తీసుకుని బల్ల మీద పెట్టి, రిజిస్టరు కోసం మనిషిని పంపాడు. ఈలోగా కార్యక్రమం ఆగకూడదని చిన్న ప్రసన్నని పిలిచారు. తను తినేముందు పక్కవాళ్ల కంచంలో అన్నం ఉందో లేదో చూసే అమ్మాయి అని చెప్పారు. ఆమె పాయసం తింది. మోకాళ్ల నొప్పులతో చిట్టెమ్మ మెట్ల దగ్గరే ఆగిపోవడంతో, ఆ కంచాన్నీ బల్ల మీదే పెట్టి మామ్మకి చెయ్యందివ్వడానికి దిగింది. అప్పుడే రిజిస్టరు వచ్చి రెండు కంచాల మీదా పడింది.

రవిబాబు పేజీలు తిప్పి చూశాడు. ఆ రోజు హాజరు పడి ఉంది. పొరపాటు తమదేనని ఒప్పుకుని దిద్దాడు. "మూడేళ్లలో ఒక్కరోజు మాత్రమే మానిన అమ్మాయి! ఇప్పుడు సరిపోయిందా బుధూ?"

"సరిపోయిందండి."

చప్పట్లు కొట్టారు. రవిబాబు రిజిస్టరు ఎత్తి, కింద ఉన్న కంచాల్లో ఒకటి బుధుకీ ఒకటి చిట్టెమ్మకీ ఇచ్చాడు.

జూన్‌లో ఇద్దరు ప్రసన్నలూ ఒకే హైస్కూలుకి, ఒకే హాస్టలుకి వెళ్లారు.

బుధు కంచాన్ని పొయ్యికి దూరంగా, ఎండ తగలని గోడకి మేకు కొట్టి తగిలించాడు. లేకపోతే వేడి ఎక్కడిదో తేలదని అతని భయం. పొద్దున్నా, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళా జ్వరం చూసినట్టు చెయ్యి తిప్పి కంచానికి ఆనించేవాడు. పొద్దున్న కాస్త గోరువెచ్చగా ఉండేది. మధ్యాహ్నం చల్లగా ఉండేది. దీపాల వేళ కూడా అంతే.

"కొత్త కదా, అలవాటు పడతాదిలే" అంది రత్న. జూలై వచ్చేసరికి ఆవిడ కూడా గోడ దగ్గరికి వెళ్లి నిలబడడం మొదలుపెట్టింది.

ఆదివారాలు హాస్టలు ఫోను దొరికేది.

"తిన్నావా అమ్మా?"

"తిన్నాను నాన్నా. రెండుసార్లు పెట్టించుకున్నాను."

"కంచం సల్లగుందే."

"నిజంగా తిన్నాను నాన్నా."

"నాతో అబద్దాలాడకమ్మా. ఒంట్లో బాలేదేటి? ఎవురైనా ఏటైనా అన్నారేటి?"

కూతురు ఏడుస్తూ ఫోను పెట్టేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల తండ్రికి అబద్ధం చెప్పలేదు. ఆ రోజంతా బుధు తోటలోకి పోలేదు. అబద్ధమాడే పిల్ల బాధా, తినని పిల్ల బాధా రెండూ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఏది పెద్దదో తేల్చుకోలేకపోయాడు.

ఆగస్టులో మూడు రోజులు వరసగా కంచం రాయిలా ఉండిపోయింది. నాలుగో రోజు తెల్లవారకముందే కంచాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని బుధు బస్సెక్కాడు. "సదువొద్దు, ఏటొద్దు. గుంటని తీసుకొచ్చీ" అని రత్న వెనకనుంచి కేకేసింది. అతనూ అదే అనుకుని బయల్దేరాడు.

హాస్టలు చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ. హాలు నిండా పిల్లలు. వార్డెను రమణి అతని మాట విని నవ్వింది.

"మీ అమ్మాయి తినకపోవడమేంటండీ? వంటావిడ ఆ పిల్లకి ముందే గరిటె నింపి పట్టుకుంటుంది."

పెద్ద ప్రసన్న తండ్రిని చూసి పరిగెత్తుకొచ్చింది. బుగ్గలొచ్చాయి. బుధు ఆమెని కూర్చోబెట్టి, సంచిలోంచి కంచం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తిను. నేను సూత్తాను."

ఆమె అన్నం, పప్పు, గుడ్డు తింది. మళ్లీ పెట్టించుకుంది. బుధు అరచేతులు రెండూ కంచానికి ఆనించి కూర్చున్నాడు. అది కొంచెం కూడా వెచ్చబడలేదు.

"నాన్నా," అంది ప్రసన్న వేళ్లు నాక్కుంటూ, "అది నాది కాదేమో."

బుధు కంచం తిప్పి పేరు చూశాడు. కిల్లో ప్రసన్న. స్టేజీ మీది బల్ల, రిజిస్టరు, దాని కింద రెండు కంచాలు అతనికి గుర్తుకొచ్చాయి.

"సిన్న ప్రసన్న ఏదమ్మా?"

కూతురు కిటికీ వైపు చూపించింది. అక్కడ చిన్న ప్రసన్న కూర్చుని ఉంది. కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఏప్రిల్లో చూసిన పిల్లలో సగం ఉంది.

"జ్వరమేమో అని మందులిప్పించాం," అంది రమణి గొంతు తగ్గించి. "జ్వరం లేదు. రెండుసార్లు ప్రేయర్లో పడిపోయింది. బలవంతంగా నాలుగు ముద్దలు పెడితే కక్కేస్తుంది. ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారండీ? టీసీ రాయించేశాం. వాళ్ల మామ్మకి రేపు కబురు పంపుతాం."

"అడిగితే ఏటంటాది?"

"ఆకలి లేదంటుంది. అంతే."

బుధు లేచి వెళ్లి చిన్న ప్రసన్న ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తినమ్మా అని చెప్పబోయి ఆగాడు. స్టేజీ మీద ఈ పిల్ల గురించి మైకులో చెప్పిన మాట గుర్తొచ్చింది.

"ఇంటి కాడ ముందు ఎవురు తినీవోరమ్మా? మామ్మా, నువ్వా?"

"మామ్మే," అంది ఆ పిల్ల. "మామ్మకి నేనే పెట్టీదాన్ని. మామ్మ రెండు ముద్దలు తిన్నాక నేను తినీదాన్ని." వంటావిడ వైపు చూసి, "ఇక్కడ అందరికీ ఎవురో పెట్టేత్తన్నారు" అంది.

బుధు తన ఒళ్లోని కంచాన్ని ఇద్దరి మధ్యా నేల మీద పెట్టాడు.

"పొద్దున్న నాలుగింటికి బయల్దేరినానమ్మా. ఏటీ తిన్లేదు. కాస్త అన్నం ఎట్టు."

చిన్న ప్రసన్న అతని మొహంలోకి చూసింది. లేచి వెళ్లి వంటావిడ దగ్గర గరిటె అడిగి తీసుకుంది. రెండు చేతులతో అన్నం, పప్పు గిన్నెలు మోసుకొచ్చి అన్నం వడ్డించింది. మధ్యలో గుంట చేసి పప్పు పోసింది. ఉప్పు ఒక మూలగా పెట్టింది. భోజనాల ఆఖర్న అడుగున మిగిలిన అన్నం, చల్లారిపోయింది. బుధు కలుపుకుని ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్ద తిన్నాడు.

అప్పుడు చిన్న ప్రసన్న తన కంచం దగ్గరికి లాక్కుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది.

మూడో ముద్ద కలుపుతున్న బుధు వేళ్లకి వేడి తగిలింది. చల్లారిన అన్నం మీంచి సన్నగా ఆవిరి లేచింది. ఆ పిల్ల తింటున్నకొద్దీ పప్పు అంచుల్లో బుడగలొచ్చాయి. చెయ్యి కాలుతున్నా బుధు ఊదుకుంటూ తిన్నాడు. తొందరపడలేదు. తను లేస్తే ఆ పిల్లా లేచిపోతుందని భయం.

రమణి అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడే ఉంది. బల్ల సొరుగులోంచి టీసీ కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేసింది.

"ఇదిగో ప్రసన్నా, రేపట్నుంచి ఆరో తరగతి చిన్నపిల్లలకి వడ్డన నీదే. వాళ్లు రెండు ముద్దలు తిన్నాక నువ్వు కూర్చో."

"రోజూనా మేడం?"

"రోజూ."

మర్నాడు బుధు కంచం మార్చుకోవడానికి చిట్టెమ్మ గూడేనికి వెళ్లాడు. ఒకరి కంచం ఇంకొకరింట్లో ఉండడం అతనికి కుదిరే పని కాదు. చిట్టెమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆవిడ కంచం గోడకి లేదు. గుడ్డ చుట్టి మోకాలి మీద పెట్టి ఉంది.

"రా బాబూ, కూకో. సూడిది ఎలా కాల్తందో! మా గుంట అక్కడికెల్లి మా బాగా తింతంది. ఇక్కడ పిచ్చిక తిన్నట్టు తినీది. మూడుపూట్లా కాపడం పెట్టుకుంతన్నాను. నిన్న నీళ్ల గెడ్డ దాకా నడిసినాను, తెలుసా?"

బుధు సంచిలో చెయ్యి పెట్టాడు. లోపల కంచం అప్పుడే వెచ్చబడుతోంది. అక్కడ ఆరో తరగతి పిల్లలు రెండు ముద్దలు తినేసి ఉంటారు. కంచాలు మారిపోయాయన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఈ కంచం మళ్లీ ఎప్పుడైనా చల్లబడితే, ఈ మోకాళ్లతో ఆవిడ ఘాట్ రోడ్డు ఎలా దిగుతుంది?

"బాగా తింతందమ్మా," అన్నాడు. "నిన్న నేను సూసొచ్చినాను."

చిట్టెమ్మ ఇచ్చిన చోడి అంబలి తాగి, తెచ్చిన కంచంతోనే ఇంటికొచ్చాడు. రత్న సంచిలోకి తొంగిచూసింది.

"మార్సలేదేటి?"

"నేదు."

"ఆయమ్మకి సెప్పలేదేటి?"

"నేదు."

రత్న భర్త మొహంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత కంచాన్ని తనే తీసుకుని మేకుకి తగిలించింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం తోటలోంచి వచ్చి బుధు కాళ్లు కడుక్కుని గోడ దగ్గర నిలబడేవాడు. రత్న అన్నం వార్చి పక్కన నిలబడేది. పన్నెండున్నర, ఒకటి, ఒకటింబావు. ఇద్దరూ చెయ్యి తిప్పి కంచానికి ఆనించి ఉండేవారు.

"వచ్చింది," అనేది రత్న.

అప్పుడు కూర్చునేవారు, అన్నానికి.