నెత్తురుదుంప

నా భార్యను చంపింది మా వదిన. అంటే ఆమె సొంత అక్క. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నాది అద్దకం పని. నూలుకు నారింజ రంగు ఎక్కించడానికి అడవి నుంచి నెత్తురుదుంప తవ్వి తెచ్చేవాణ్ణి. చలి తగ్గగానే, చెట్లు చిగురించకముందే, కుళ్లిన ఆకుల కింద నుంచి లేస్తుంది. ఒకే ఆకు, కాడను శాలువాలా చుట్టుకుని ఉంటుంది. తెల్లటి పువ్వు. పొద్దు వాలితే ముడుచుకుంటుంది, రెండు రోజుల్లో రాలిపోతుంది. దుంప విరిస్తే మనిషికి తెగినట్టే కారుతుంది.

ఆ రసం చర్మాన్ని తినేస్తుంది. పులిపిరులకు రాస్తారు. నా భార్యకు రొమ్ము మీద గడ్డ లేస్తే వదిన ఆ దుంపే నూరి పట్టు వేసింది. మూడు వారాలకు నల్లటి పక్కు కట్టి ఊడిపడింది.

"చూశావా మరిదీ, వేళ్లతో సహా వచ్చేసింది!"

వచ్చింది పై చర్మం. గడ్డ లోపలే ఉండి తన పని చేసుకుపోయింది. మరుసటి వసంతానికి నా భార్య లేదు.

వదిన పారేసిన దుంప ముక్కలు పెరటి గోడ మూలన మొలిచాయి. వాటి విత్తనాలను చీమలు మోసుకుపోతాయి, అంటుకున్న కండ తిని వదిలేస్తాయి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా మొదట గోడ దగ్గర, తర్వాత నీళ్ల తొట్టి దగ్గర, ఆపైన కిటికీ కింద. ఆమె పోయిన తొమ్మిదో ఏడు, ఇప్పుడు, గడప పక్కన. చలికి నా భార్య శాలువా అలాగే చుట్టుకునేది.

నిన్న ఉదయం వదిన వచ్చింది. ఆ చావు తర్వాత ఇదే రావడం.

"పలకరిస్తే పళ్లు రాలతాయా మరిదీ?" అంటూ మెడ మీద గోళీ అంత గడ్డ చూపించింది. "ఒక్క దుంప ఇవ్వు. అడవికి పోయే ఓపిక నాకు లేదు."

"నీకింకా బుద్ధి రాలేదా?"

"చెల్లికి ఆలస్యంగా వేశాను. తప్పు మందుది కాదు."

గునపం తీసుకున్నాను. ఏమవుతుందో తెలిసే, ఇచ్చేద్దామనే తీసుకున్నాను. గడప పక్కన మొక్క మొదట్లో గుచ్చాను. ఎర్రగా ఊరింది. శాలువాలో పువ్వు కదిలింది. గాలి లేదు.

"ఆసుపత్రికి వెళ్లు వదినా. ఇవాళే."

ఆమె నా మొహంలోకి చూసింది.

"ఈ మాట అప్పుడు దానితో అంటే నోరు పడిపోయేదా? ఏం చేయమంటావని అది నిన్నే అడిగింది. 'మీ అక్క చెప్పాక ఇంకేముంది' అన్నావు. దుంప తవ్వి తెచ్చిందెవరు? నువ్వు కాదూ?"

నేనే.

ఆమె ఆసుపత్రి వైపు బస్సు ఎక్కేదాకా చూసి వచ్చాను. చేతులు కడిగాను. రంగు వదల్లేదు.

చంపింది మా వదినే. ఇక ఈ విషయం నన్నెవరూ అడగవద్దు. నేను మాట్లాడను.