అతిథుల పొయ్యి

"ఆంటీ, ఒక్కసారి ఇటు చూడండి, పొగ సూపర్‌గా వస్తోంది" అంది తన్వి, ఫోన్‌తో ఫొటో తీస్తూ. మోకిల నుంచి ఆదివారం గడపడానికి మా ఇంటికొచ్చిన అమ్మాయి. నేను కట్టెల పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతున్నాను. కళ్లు మండుతున్నా చూశాను. చూడకపోతే మా ఆయన జైపాల్ మొహం ముడుచుకుంటుంది, అది వారమంతా భరించాలి.

లోపల వంటింట్లో గ్యాస్ పొయ్యి ఉంది. మా వంట దాని మీదే. అతిథులొస్తేనే నాకీ భాగ్యం. కరోనాకు ముందు జైపాల్ మొయినాబాద్ రిసార్టులకు కారు తిప్పేవాడు. జనం రావడం మానేశాక కారు వాకిట్లోనే ఉండిపోయింది. అప్పుడే చేవెళ్లలో శిక్షణ పెట్టారు. ఊరిని పాడుచేయకుండా టూరిజాన్ని మళ్లీ నిలబెట్టాలట. ప్లాస్టిక్ వద్దు, ఊరి తిండి పెట్టండి, ఉన్న ఇంట్లోనే రెండు గదులు అతిథులకు అద్దెకివ్వండి అన్నారు. మంచి మాటలే, కాదనను. కానీ ఇంటికొచ్చేసరికి అవన్నీ నా పనులైపోయాయి. గ్లాసులు తోమడం, విస్తళ్లు కుట్టడం, అతిథుల దుప్పట్లు ఉతకడం. కట్టెల పొయ్యి మాత్రం ఆ శిక్షణలో లేదు, అది మా ఆయన సొంత తెలివి. గ్యాస్ మీద చేసిన రొట్టె సిటీలో దొరకదా అన్నాడు.

అదే కరోనాలో నేను పన్నెండు రోజులు దవాఖానలో ఆక్సిజన్ మీద ఉన్నాను. పొగ జోలికి పోవద్దని డాక్టర్ చెప్పినప్పుడు జైపాల్ పక్కనే నిలబడి తలూపాడు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చెబితే మా అత్తమ్మ వసంతమ్మ, తాము బతుకంతా పొయ్యి ఊదామని, తమకేం కాలేదని అంటుంది. ఆయనేమో సీజన్ అయిపోనీ అంటాడు. ఏం సీజనో, ఏడాదిన్నరగా అవుతూనే ఉంది.

ఆ ఆదివారమే శిక్షణ ఇచ్చిన రాజ్యలక్ష్మి మేడం చూడటానికొచ్చింది. జైపాల్ ఇల్లంతా తిప్పి చూపించాడు. ఆమె నా దగ్గర ఆగింది.

"మీ ఇల్లు పదేళ్లు ఇలాగే నడవాలంటే ఇంకేం కావాలమ్మా?"

జైపాల్ నోరు తెరిచేలోగా నేనే అన్నాను.

"నాకు ఊపిరాడాలె మేడం."

ఆయన నవ్వేశాడు. "ఆమెకు అన్నిటికి పరేషానే, మీరేం అనుకోకుండ్రి" అన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. లేచి పిండి పళ్లెం ఆయన చేతిలో పెట్టాను.

"ఇగో, ఇయ్యాల నువ్వు కొట్టు. ఎట్ల కొట్టాల్నో నేను చెప్త."

అతిథులు చప్పట్లు కొట్టారు, ఫోన్లు పైకి లేచాయి. తప్పించుకునే దారి లేక కూర్చున్నాడు. మొదటి రొట్టె చిరిగింది. రెండోదానికి మంట తగ్గితే వంగి ఊదాడు. పొగ ముఖాన కొట్టింది. దగ్గు పట్టుకుంటే ఆగలేదు.

అత్తమ్మ నీళ్లచెంబుతో పరుగెత్తుకొచ్చింది.

"లే బిడ్డా, లే. పొగల కూసుంటె పానం ఖరాబైతది."

ఆయన సగం తాగాడు. చెంబు అందుకుని, మిగిలిన నీళ్లు పొయ్యిలో కుమ్మరించాను. ఇన్నాళ్లూ పొగ ఎంత చేటో వీళ్లకు తెలియదేమో, నేనే సరిగా చెప్పలేకపోతున్నానేమో అనుకున్నాను. తెలుసు. ఇద్దరికీ మొదటి నుంచీ తెలుసు.